పాలపన్నులో తేదీలు

పసుపు కొమ్మును నేను మూడు విధాల చూస్తాను. ముందు విరుస్తాను. టప్పున చప్పుడు రావాలి. మెత్తగా వంగి విరిగితే లోపల తడి ఉన్నట్టు. తర్వాత ఎడమ దవడ పన్నుతో కొరుకుతాను. సరిగ్గా ఉడికిందా, పాత నిల్వా, పురుగు మొదలైందా అన్నది అక్కడ తేలిపోతుంది. కంటితో చూసేది ఆఖరున. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే కొనుగోలుదార్లు మాత్రం కంటితో మొదలుపెట్టి కంటితోనే ముగిస్తారు. నలభై ఏళ్లు నేను బతికింది ఆ తేడా మీద.

నా పేరు మాజేటి కోటిలింగం. తెనాలికి దగ్గర్లో ఒక పసుపు యార్డులో కమీషన్ దుకాణం నాది. దుకాణం వెనక పాలిషు షెడ్డు, షెడ్డులో రెండు డ్రమ్ములు. రైతు తెచ్చే కొమ్ము పొట్టు లేచి, మట్టిరంగులో, ఎండిన అల్లంలా ఉంటుంది. డ్రమ్ములో పోసి గంటసేపు తిప్పితే ఒకదానికొకటి రాసుకుని నున్నబడతాయి. ఆఖరి పావుగంటలో రంగు కలిపిన నీళ్లు నాలుగు చెంబులు పోస్తే ఎండలో కళ్లు చెదిరేలా మెరుస్తాయి. ఆ రంగుపొడి రేకు డబ్బాల్లో వచ్చేది. డబ్బా మీద పేరు ఉండేది కాదు. పేరు లేని సరుకు గురించి ఆరా తీయకపోవడం మా వ్యాపారంలో ఒక తెలివి. నేనూ తీయలేదు.

మా యార్డులో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా ఫిబ్రవరిలో కొత్త పంట దిగుతుంది. మొదటి డ్రమ్ము కొమ్ములను నమూనాగా దుకాణం ముందు పోస్తారు. వాటికి రంగు కాస్త చిక్కగానే పడుతుంది. ఆ కొమ్ముల్లోంచే షెడ్డులో పనిచేసే ప్రతి ఇంటికీ రెండేసి వీశెలు ముట్టజెబుతాం. తొలి డ్రమ్ము కొమ్ములంటే మర్యాద. ఆడవాళ్లు వాటిని దంచి డబ్బాకెత్తుకుని ఏడాది పొడుగునా వాడతారు. కూరలోకీ, పిల్లల పాలలోకీ, పసిబిడ్డల స్నానానికీ అదే. నా షెడ్డు మీద అలా పదకొండు ఇళ్లు ఉన్నాయి.

జనవరి చివర్లో మా చెల్లెలి కూతురు హైమవతి గుంటూరు నుంచి వచ్చింది. అక్కడ ఒక పరిశోధనశాలలో పనిచేస్తుంది. కాంతిని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టడం ఆమె చదువు. టిఫిన్ క్యారియర్ అంత పెట్టె ఒకటి, దానికి టార్చి మూతిలాంటిది ఒకటి, చేతిలో పలక లాంటి తెర.

"మామయ్యా, నీ పన్నుకి పోటీ తెచ్చాను," అంది.

"నా పన్నుకి అరవై ఒక్కేళ్లు. నీ పెట్టెకి?"

"ఏడాదిన్నర. ఇప్పుడిప్పుడే పాకుతోంది."

షెడ్డు తలుపులు మూయించింది. పాలిషు పట్టని కొమ్ము మీద దీపం వేస్తే ఊదా వెలుతురు పడింది. కొమ్ము మిణుగురు పురుగులా పచ్చగా వెలిగింది. డ్రమ్ము దగ్గరుండే ఏసోబు నోరు తెరిచాడు. పదిహేనేళ్లుగా పసుపు దుమ్ములో బతుకుతున్నవాడు, పసుపు ఇలా వెలగడం చూడలేదు.

"ప్రతి పదార్థమూ ఈ వెలుతురును మింగి, వేరే రంగులో తిరిగిస్తుంది," అంది హైమ. "ఏ రంగులో ఇచ్చింది, ఎంతసేపటికి ఆరింది అని చూస్తే అదేమిటో దొరికిపోతుంది. రెప్పపాటును కోటి ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత సేపు. ఈ పెట్టె దాన్ని కొలుస్తుంది."

తర్వాత పోయినేటి నిల్వలోంచి పాలిషు కొమ్ము పెట్టింది. పచ్చటి వెలుగు మధ్యలో నల్లటి మచ్చలు కనిపించాయి, చిమ్మటలు కొట్టేసిన శాలువాలా.

"ఇక్కడేదో వెలుతురును మింగేసి తిరిగివ్వడం లేదు మామయ్యా."

"మట్టి అయ్యుంటుంది."

హైమ నా వంక చూసింది. ఆ మాట అక్కడితో తెగ్గొట్టాలని నేను కొమ్ము తీసి కొరికాను. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద గీతలు జరజరా కదిలాయి.

"కదలొద్దు. నోరు అట్టాగే తెరిచి ఉంచు."

"పశువుల సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు చూస్తావేమే," అన్నాను నోరు తెరిచే. ఏసోబు అటు తిరిగి నవ్వుకున్నాడు.

హైమ నవ్వలేదు. పన్ను కూడా వెలుగుతుందట. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. తెలియనిది, ఆ వెలుగు పొరలు పొరలుగా వస్తుందని. పన్ను మొలిచాక కూడా లోపలివైపు రోజుకో పొర వేసుకుంటూనే ఉంటుంది. ఆ రోజు ఒంట్లో ఏముంటే అది పొరలో చిక్కుకుంటుంది. సీసం చేరిన పొర వెలుగు మిగతావాటికన్నా వెంట్రుకవాసి ముందే ఆరిపోతోంది. పన్ను పీకకుండా, నోట్లో ఉండగానే లోపలి తేదీలు చదివే దీపం ప్రపంచంలో ఇంకెక్కడా లేదని తర్వాత చెప్పింది. నా పన్నులో పొరలు ముసలి ఉల్లిపాయలా అతుక్కుపోయాయట, తేదీలు విడిగా తెలియడం లేదట. చిన్నపిల్లల పన్నయితే శుభ్రంగా కనిపిస్తుందంది.

సాయంత్రం మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు దొరికారు. ఒకతె నా మనవరాలు లాస్య. రెండోది ఏసోబు కూతురు రూతు. ఇద్దరికీ ఏడేళ్లు. రూతు తల్లి దీనమ్మ మా షెడ్డులో కొమ్ములు ఏరుతుంది. బడి వదలగానే పిల్ల తల్లి దగ్గరికి వచ్చి, అక్కణ్ణించి మా ఇంటికి ఆటకు వస్తుంది. రూతుకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఒకటో తరగతి రెండోసారి చదువుతోంది. కడుపునొప్పి అని ముడుచుకుని పడుకునేది. నత్తి కాస్త ఉందని, మెతక పిల్ల అని అందరం అనుకునేవాళ్లం.

"ఎవరి పళ్లు ఎక్కువ మెరుస్తాయో పందెం," అంది హైమ.

లాస్య పన్ను తెర మీద తెల్లగా, తరగలు తరగలుగా కనిపించింది. రూతు పన్నులో నల్లటి చారలు. ఒకటి కాదు, ఏడాదికొకటి. ప్రతిదీ ఒకేచోట చిక్కబడి, మెల్లగా పలచబడి, మళ్లీ చిక్కబడుతోంది.

"నేను గెలిచానా?" అంది రూతు.

"ఇద్దరూ గెలిచారు," అంది హైమ. వాళ్లను బయటికి పంపి తలుపు దగ్గరగా వేసింది.

"సీసం మామయ్యా. పిల్లల మెదడును తినేస్తుంది. ఏటా ఫిబ్రవరిలో పెరుగుతోంది. ఫిబ్రవరిలో వాళ్లింట్లో ఏం జరుగుతుంది?"

నాకు లెక్క రెప్పపాటులో తేలింది. ఆమెకు మాత్రం, "ఏమో, కనుక్కుంటాను," అన్నాను.

హైమ వంటింట్లోకి వెళ్లి మా పసుపు జాడీ మీద దీపం వేసింది. ఒక్క మచ్చ లేదు. మా ఇంటికి పసుపు నేను ఏటి లంకలో ఒక రైతు దగ్గర విడిగా తెప్పిస్తాను. పాలిషు లేదు, డ్రమ్ము లేదు, ఇంట్లోనే దంపించుకుంటాం. మా నాన్న రోజుల నుంచీ అంతే. యార్డులో పెద్ద దుకాణాలవాళ్లందరి ఇళ్లలోనూ అంతే.

"మీ ఇంటికి వేరే పసుపు ఎందుకు తెప్పిస్తావు?" అంది.

జవాబు మా ఆవిడ చెప్పింది. "షాపు సరుకు ఇంటికెవరు తెచ్చుకుంటారే? రంగు కదా అది," అంది గిన్నె తోముతూ.

మా ఆవిడ ఆ మాట చెడ్డగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది. నేనే గోడవైపు తిరగాల్సి వచ్చింది.

హైమ వెళ్లేముందు ఒట్టు వేయించుకుంది. తన దీపం ఇంకా ఎవరూ ఒప్పుకోని కొత్త వస్తువు, దాన్ని బట్టి ఒక తల్లికి ఇంత మాట చెప్పడం తొందరపాటు. ముందు రూతును గుంటూరు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాలి, అదీ ఈ వారంలోనే. సరేనన్నాను. ఆ వారమే ఆమె దీపంలో ఏదో స్ఫటికం చెడి, పెట్టెను బాగుచేయించడానికి బెంగళూరు తీసుకెళ్లింది.

నేను కూర్చుని ఆలోచించాను. పరీక్ష చేయిస్తే సీసం తేలుతుంది. ఎక్కడిదని అడుగుతారు. పసుపులోదని తెలిస్తే నా దుకాణం ఒక్కటే కాదు, యార్డు మొత్తం మూతపడుతుంది. అదీగాక రంగు పోసింది ఏసోబు చేతులు. తన బిడ్డకు తనే పోశాడని తెలిస్తే ఆ మనిషి ఏమైపోతాడు? ఈ ఆఖరి మాట నాకు బాగా పనికొచ్చింది. మనం చేయదలచుకోని పనికి దయ లాంటి కారణం దొరికితే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

కాబట్టి పిల్లకు సీసం అందకుండా చేస్తే చాలనుకున్నాను. ఆ ఏడు తొలి డ్రమ్ముకు రంగు వద్దన్నాను. ఏసోబు ఆశ్చర్యపోయాడు.

"కంటికి ఆనదు శెట్టిగారా. కొనేవాళ్లు వెనక్కి పోతారు."

"పోనీ. నేను చెప్పినట్టు చెయ్యి."

రంగు లేని కొమ్ములే పదకొండు ఇళ్లకూ పంచాను. కానీ దీనమ్మ డబ్బాలో పోయినేటి పొడి ఇంకా సగం ఉంటుంది. ఫిబ్రవరి పదకొండున నేనే వాళ్లింటికి వెళ్లి, పాత పసుపుకు పురుగు పట్టిందని చెప్పి డబ్బా గుమ్మరించుకుని, మా ఇంటి పసుపు పోసి వచ్చాను. దీనమ్మ చాలా సంతోషించింది. "మీ ఇంటి పసుపే ఇచ్చారా," అని రెండుసార్లు అంది. మిగతా పది ఇళ్ల డబ్బాల జోలికి పోలేదు. దీపం పడింది ఆ ఒక్క ఇంటి పిల్ల మీదే కదా. ఒక్క ఇంటికి పురుగు పట్టిందంటే నమ్ముతారు, పదకొండు ఇళ్లకు పట్టిందంటే అనుమానిస్తారు. పాతది అయిపోతే వాళ్లే కొత్తదానికి వస్తారులే అనుకున్నాను.

హైమ ఫోన్ చేసింది. "పరీక్ష చేయించావా?"

"చేయించాను. ఫరవాలేదన్నారు."

"ఎంత వచ్చింది?"

"కాగితం ఏసోబు దగ్గరుంది."

ఒక అబద్ధానికి ఇంకోటి తోడు. యార్డులో రోజూ ఆడేవాణ్ణి, నాలుక తడబడలేదు.

మార్చి ఇరవై నాలుగున హైమ బాగుచేయించిన దీపంతో దిగింది. నాకు చెప్పకుండా నేరుగా షెడ్డుకు వెళ్లింది. నేను కాటా దగ్గర్నుంచి వచ్చేసరికి దీనమ్మ ఒడిలో రూతు నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. ఏసోబు డ్రమ్ము ఆపి పక్కనే నిలబడ్డాడు. హైమ మొహం వెలిగిపోతోంది.

"ఆగిపోయింది మామయ్యా. చార చక్కగా తెగిపోయింది." దీనమ్మ వైపు తిరిగింది. "ఫరవాలేదన్నారట, మందులేమైనా ఇచ్చారామ్మా?"

"ఏం మందులు?"

"గుంటూరు డాక్టరు. రక్తపరీక్ష చేయించారు కదా."

"మేం గుంటూరు ఎప్పుడు పోయాం?" అంది దీనమ్మ మొగుడి వైపు చూస్తూ. ఏసోబు నా వైపు చూశాడు. హైమ కూడా.

నేను నోరు విప్పేలోపే దీనమ్మ తెర దగ్గరికి వంగింది. "ఈ నల్లగీత ఏందమ్మా?"

హైమకు ఇక దాచడానికి లేకపోయింది. మెల్లగా చెప్పింది. సీసం అన్నది ఒక విషమని, పుట్టకముందు నుంచీ పిల్ల ఒంట్లోకి పోతోందని, అందుకే మాట వెనకబడిందేమోనని.

"మరి ఇక్కడ ఆగిపోయిందే. ఇది ఏ రోజు?"

"ఫిబ్రవరి పదకొండు. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ."

దీనమ్మ చదువుకోలేదు గానీ తేదీలు మరిచిపోయే మనిషి కాదు. "పదకొండు. శెట్టిగారు మా ఇంటికొచ్చి పసుపు మార్చిన రోజు," అంది.

పిల్లను ఒళ్లోనే ఉంచుకుని నా వైపు తిరిగింది.

"పురుగు పట్టిందన్నారే," అంది నాతో.

"పట్టలేదు."

"అయితే మీకు అప్పటికే తెలుసు."

"తెలుసు."

"నలభై రోజులు. రోజూ ఈ పిల్ల మీ ఎదురుగానే ఆడుకుంది." ఆమె గొంతు పెరగలేదు. "మీ ఇంటి పసుపు మార్చుకున్నారా?"

"మా ఇంటికి ఎప్పుడూ వేరే."

"ఎందుకు వేరే?"

జవాబు కోసం దీనమ్మ ఆగలేదు. "మిగతా ఇళ్లో?" అంది. నేను తల దించుకున్నాను. ఆమె పిల్లను హైమ ఒళ్లో పెట్టి, చీర కుచ్చెళ్లు ఎగదోపి వీధిలోకి వెళ్లిపోయింది. పది నిమిషాల్లో పది ఇళ్ల డబ్బాలూ వీధిలోకి వచ్చాయి. మధ్యాహ్నం ఎండలో ఆ పసుపు గుట్ట మెరిసిపోతోంది. ఎంత మంచి రంగో అని నా కన్ను తనంతట తనే అనుకుంది. నలభై ఏళ్ల అలవాటు, సిగ్గుపడే వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఏసోబు మాత్రం డ్రమ్ము పక్కన కూలబడి తన అరచేతులు చూసుకుంటున్నాడు. గోళ్ల సందుల్లో పసుపు ఏ సబ్బుకూ పోదు అతనికి.

"నేనే పోశాను శెట్టిగారా. తొలి డ్రమ్ము కదా, మన ఇంటికొచ్చేది కదా అని ఒక చెంబు ఎక్కువే పోసేవాణ్ణి."

మర్నాడే గుంటూరు వెళ్లాం. పిల్లల డాక్టరమ్మ నెమ్మదస్తురాలు, అన్నీ విన్నది. రక్తం తీశారు. రెండు రోజులకు ఫలితం వచ్చింది. సీసం ఉంది, కానీ మందు మొదలుపెట్టేంత లేదు.

నాకు ప్రాణం లేచివచ్చింది. "అంటే తగ్గినట్టేగా," అన్నాను.

"తగ్గింది రక్తంలో," అంది హైమ. ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు. "రక్తం నెలరోజుల్లో సగం మరిచిపోతుంది మామయ్యా. ఎముక మరిచిపోదు, ఏళ్ల తరబడి అందులోంచి ఊరుతూనే ఉంటుంది. ఫిబ్రవరిలోనే పరీక్ష చేయించి ఉంటే ఈ అంకె రెండింతలు ఉండేది, అప్పుడే మందు మొదలయ్యేది. పసుపు మార్చి, పరీక్ష మానేసి, నువ్వు సాక్ష్యాన్ని చెరిపేశావు."

నేను చేసిన ఒక్క మంచిపని అదేననుకుంటూ వచ్చాను అప్పటిదాకా.

హైమ తెర చూపించి డాక్టరమ్మను బతిమాలింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఈ మందు నరానికెక్కించాలి. మూత్రపిండాల మీద పడుతుంది. ఇంకా ఎవరూ పరీక్షించని దీపాన్ని నమ్మి ఏడేళ్ల పిల్లకు నేనెలా ఇస్తాను? ఊడిన పన్ను ఒకటి తెచ్చి ముందు దీపంతో చదవండి. మా ల్యాబులో కోసి, కరిగించి, పాత పద్ధతిలో కొలుస్తాం. రెండూ సరిపోతే రేపే మొదలుపెడతాను."

"ఊడిన పళ్లేం చేశారు?" అంది హైమ, దీనమ్మతో.

"ఏం చేస్తాం. పేడముద్దలో పెట్టి ఇంటిమీదకి ఏశాం. ఎవరైనా అంతేగా. పోయిన ఎండాకాలం, కింది పళ్లు రెండు."

ఏసోబుది పెంకుటిల్లు. పోయిన ఎండాకాలం తర్వాత ఒక వానాకాలం వెళ్లింది. పేడ కరిగిపోయి ఉంటుంది. పన్ను పెంకుల సందులో చిక్కుకుని ఉండవచ్చు, చూరులోంచి జారి కాలువలో పడి ఉండవచ్చు. బియ్యపు గింజంత పన్నును ఎండలో వెతకలేం. మసక చీకటి పడితే దీపం పని చేస్తుంది.

ఆ సాయంత్రం నిచ్చెన వేశారు. ఏసోబు ఎక్కబోతే రెండో మెట్టు మీదే ఆగి తన అరచేతులు చూసుకుని దిగిపోయాడు.

"నేనెక్కుతాను," అన్నాను.

"అరవై దాటింది, పడితే మా మీదకొస్తది," అంది దీనమ్మ. మూడు రోజుల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

"నలభై తొమ్మిది కిలోలమ్మా నేను. పెంకు పగలదు."

దీపం మూతి నా చేతిలో, పెట్టె నా వీపున, కింద తెర పట్టుకుని హైమ. కప్పు మీద బోర్లా పడుకుని ఒక్కో వరుస వెలుతురు వేస్తూ పాకాను. మొదట తెల్లగా మెరిసింది చొక్కా బొత్తాం. తర్వాత బల్లిగుడ్డు పెంకు. పక్షి రెట్టలు కూడా నీలంగా వెలిగి మోసం చేశాయి. మెరిసిన ప్రతిదాన్నీ పైకెత్తి చూపిస్తే కింద హైమ తెర చూసి కాదనేది. జీవితమంతా నేను ఇంకొకరి సరుకును కాదన్నవాణ్ణి. ఇప్పుడు నా సరుకును ఇంకొకరు కాదంటుంటే వింటున్నాను. మోకాళ్లు చీరుకుపోయాయి. వీధిలో జనం చేరారు. ఎవరూ నవ్వలేదు, అదే కష్టంగా ఉంది.

"ఏసినప్పుడు నేను వాకిట్లో, పూల కుండీ పక్కన నిలబడ్డా," అని రూతు ఉన్నట్టుండి అంది. అంత పొడుగు మాట ఆ పిల్ల నోట నేను విని ఎరగను. "నాన్న కాదు, నేనే ఏశా. గట్టిగా ఏశా. పైదాకా పోయింది."

మేమంతా వాకిలి వైపు చూరులోనే వెతుకుతున్నాం. నేను కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు దాకా పాకాను. నడికొప్పు పెంకు కింద, సున్నం పగిలిన చోట, పిల్లి కన్నులా నీలంగా తెల్లగా చిన్న వెలుగు. కింద నుంచి హైమ ఈసారి కాదనలేదు. "అదే. చారలు కనిపిస్తున్నాయి. తీసుకో మామయ్యా, మెల్లగా," అంది.

రెండు వేళ్లతో తీసి కిందికి దిగాను. దీనమ్మ చెయ్యి చాచింది. పన్ను అందులో పెట్టాను. ఆమె గుప్పిట మూసింది.

మర్నాడు పొద్దున్నే గుంటూరు బయల్దేరాం. నా కారులోనే. రూతు ముందు సీట్లో కూర్చుని హారన్ ఎక్కడుందో కనిపెట్టి రెండుసార్లు నొక్కింది. వెనక సీట్లో ఏసోబు, దీనమ్మ. వాళ్ల పక్కన హైమ చిన్న గాజు సీసా తెరిచి పట్టుకుంది.

"ఇందులో వెయ్యి దీనమ్మా, పోతుందేమో."

"పోదు," అంది దీనమ్మ. కుడి గుప్పిట ఒళ్లో అలాగే ఉంది.

"నా దగ్గరుంచమ్మా, నేను జాగ్రత్తగా..." అన్నాను.

"మీ చేతికి ఇయ్యను."

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఒక కాగితం తీసింది. పన్నుతో పాటు ల్యాబుకు వెళ్లే కాగితం. పిల్ల పేరు, వయసు, ఊరు రాసింది. తర్వాత కలం ఆపింది.

"సీసం దేని ద్వారా వెళ్లింది, ఎవరు చెబుతున్నారు అన్నది రాయాలి. అది లేకపోతే ఇది ఎక్కడో దొరికిన పన్ను, అంతే. దీని మీద నేను వైద్యం చేయలేను. ఇంకో మాట. ఈ కాగితం ఇక్కడ ఆగదు, ఆహార తనిఖీ వాళ్లకు ఒక ప్రతి వెళుతుంది. వాళ్లు మీ ఊరు వస్తారు."

ఏసోబు లేచి నిలబడ్డాడు. తువ్వాలు చేతుల్లో నలిపేస్తున్నాడు.

"నా పేరు రాయండమ్మా. పసుపులో రంగు. పదిహేనేళ్లుగా నేనే పోశాను, ఈ చేతులతోనే. ఇంకెవరి మాటా వద్దు."

నాకు ఇదే ఆఖరి అవకాశమని తెలుసు. నేను అడక్కుండానే ఎదుటివాడు తన ధర తగ్గించుకుంటున్నాడు. నలభై ఏళ్లలో అలాంటి బేరాన్ని నేను ఒక్కసారి కూడా వదులుకోలేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, మిగతాది దానంతటదే జరిగిపోతుంది. రూతు కుర్చీలో కాళ్లూపుతూ బల్ల మీది కలాలు లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, నాలుగు. మళ్లీ మొదటి నుంచి. ఒకటి, రెండు, నాలుగు.

"కూర్చో ఏసోబూ," అన్నాను. "పోసింది నువ్వు. పొయ్యమన్నది నేను. డబ్బాలు తెచ్చింది నేను." డాక్టరమ్మ వైపు తిరిగాను. "రాసుకోండమ్మా. మాజేటి కోటిలింగం, పసుపు కమీషన్ వ్యాపారి. అది రంగని నాకు మొదటి నుంచీ తెలుసు. మంచిది కాదని కూడా తెలుసు, కాబట్టే మా ఇంట్లో వాడలేదు. జనవరి చివర్లో సీసమని తెలిసింది. మార్చి ఇరవై నాలుగు దాకా ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి ఇళ్లు ఇంకా పది ఉన్నాయి, పిల్లలున్నారు. అదీ రాయండి."

డాక్టరమ్మ రాసింది. నేను సంతకం పెట్టాను. ఇంటిపేరు కూడా పూర్తిగా రాశాను.

"అమ్మా హైమా," అంది దీనమ్మ. "అందులో ఏం రాశారో చదువు."

హైమ చదివింది.

"తేదీలు కూడా చదువు."

హైమ మళ్లీ చదివింది, ఈసారి ఒక్కో మాటా ఆపి. దీనమ్మ ఆఖరి దాకా తల వంచుకుని విన్నది. నా వైపు చూడలేదు. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుని, బల్ల మీద కాగితం పక్కన చెయ్యి పెట్టి, గుప్పిట తెరిచింది.